ముప్పై దాటితే

మందు పరీక్షకు అనుమతి కోరే దరఖాస్తు గడువు సాయంత్రం నాలుగు. బీజాపూర్ ఆసుపత్రిలో గోడ గడియారం మూడున్నర చూపిస్తుంటే, డాక్టర్ వినీత మొహం వాడిపోయి పన్నెండు చూపిస్తోంది.

మలేరియా తిరగబెట్టకుండా కొత్త మాత్ర వచ్చింది. సగం మందికి అది, సగం మందికి పాత మందు. తేడా తేలాలంటే మూడు నెలల తర్వాత రెండువందల అరవై మంది రక్తం చూడాలి. మధ్యలో జారిపోయేవాళ్ల కోసం ముప్పై కలిపి, రెండువందల తొంభై పేర్లు రాసింది. అంతకు మించి జారితే మాత్ర మంచిదైనా లెక్కకు రాదు.

ఊరి ఆరోగ్య కార్యకర్త భద్రమ్మ జాబితా చూసి అంది:

"ఏంది డాక్టరమ్మా, మూడు నెలలకు మిరపకోతలు గదా. సగం ఊరు గోదారి అవతలికి పోతది."

వినీత రాయ్‌పూర్‌లోని గణాంకాల నిపుణుడు రాజ్‌కుమార్‌కి ఫోను కొట్టి సంగతి చెప్పింది.

"సగమంటే ఐదొందల ఇరవై కావాలండీ. అన్ని మాత్రలున్నాయా?"

"లేవు. కోతలయ్యాక మొదలుపెడదామన్నా, ఉన్నవాటి గడువు ఉగాదికే అయిపోతుంది."

"జారేవాళ్లు పది శాతమేనని అందరూ వేస్తారండీ. మీరూ వేసి పంపేయండి."

శాతం చెప్పడం ఆయన వంతు, శాంతం ఈవిడ వంతు.

"అబద్ధమని తెలిసి ఎట్లా రాయను?" అంటూ ఫోను పెట్టేసింది.

భద్రమ్మ గొంతు తగ్గించింది. "మా కొడుకు నందకు మూడుసార్లు తిరగబెట్టింది. ఈ మాత్ర ఆపొద్దమ్మా. కూలీలను తోలుకపోయే రాఘవులు మేస్త్రీతోని పోయేటోళ్లంతా ఒక్క తావునే ఉంటరు. నేనూ పోత. రక్తం ఆడ్నే తీస్త."

"సొంతంగా పోయేవాళ్లు ఎంతమంది?"

గడియారంలో మూడూ నలభై రెండు. వినీత ఇళ్ల పేర్లు చదువుతోంది, భద్రమ్మ జవాబిస్తోంది. మేస్త్రీతోని. ఇంట్లనే. మేస్త్రీతోని. సొంతంగ, నలుగురు. ఒక్కో "సొంతంగ"కు వినీత పెన్ను ఆగుతోంది. పందొమ్మిది. ఇరవై నాలుగు. ఇంకా రెండు పేజీలున్నాయి.

ఆఖరి ఇల్లయ్యేసరికి ఇరవై ఎనిమిది.

పరీక్ష స్థలం అన్నచోట ఊరి పేర్ల కింద "మిరప తోటలు" అని చేర్చి, మూడూ యాభై ఎనిమిదికి పంపింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి, చేరిందని చూపింది.

"ఇంకిద్దరే జారొచ్చు అక్కా. ముగ్గురైతే పోయినట్టే."

భద్రమ్మ సంచి భుజాన వేసుకుంది. "సొంతంగ పోయేటోళ్లు ఏడిండ్లు. రేపు పొద్దున పోయి మేస్త్రీ బండి ఎక్కమని అడుగుత."