రూమెనా కోళ్లు

ఆ తొమ్మిది పెట్టలూ రూమెనావి. రూమెనా మా ఆయన మొదటి భార్య, పోయి రెండేళ్లయింది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ఆమె ఫొటో, పోయిన తేదీ ఉన్న చావు కాగితాన్ని మా అత్త యోవ్కా గేటుకి అతికించింది. ఎండకి వెలిసిపోయినప్పుడల్లా కొత్తది వేయించి మళ్లీ అతికిస్తుంది. రొట్టెకి వెళ్లినా, చర్చికి వెళ్లినా నేను ఆ మొహాన్ని దాటుకునే రావాలి. దాంతో నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా కోళ్లతోనే.

నేను గింజలు చల్లితే అవి ముట్టేవి కావు. ద్రాక్ష పందిరి కింద బారుగా నిలబడి నన్నే చూసేవి. అరుపు లేదు, కాలితో గీరడం లేదు. నేను లోపలికెళ్లి తలుపేసుకున్నాక టకటకమని తినే చప్పుడు వినిపించేది. కోళ్లకి కూడా లోకువైపోయానని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు, ఎందుకంటే నేవెనా కూడా అచ్చం అంతే. నేవెనా రూమెనా కూతురు, ఆరేళ్లది. నేనీ ఇంటికొచ్చి ఎనిమిది నెలలైనా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. జడ వేయబోతే తల లాగేసుకునేది. నేను వడ్డించిన పళ్లెం నేను గది దాటాకే ముట్టుకునేది.

అప్పటికి నాకు మూడో నెల. ఎవరికీ చెప్పలేదు, మా ఆయన గెంచోకి కూడా. ఈ పిల్ల నా బిడ్డని ఏ కళ్లతో చూస్తుందోనని నాకు చచ్చేంత భయం. ముందు దీన్ని మచ్చిక చేసుకుని తర్వాత చెబుదామనుకున్నాను. మచ్చిక అయ్యే దారి మాత్రం కనబడలేదు.

మే నెలలో కోడిపిల్లల బండి మైకులో అరుచుకుంటూ ఊళ్లోకి వచ్చింది. ఈ ఇంట్లో నావంటూ కొన్ని ఉండాలని, రెండు నెలల పిల్లల్ని పది కొన్నాను.

"కొనడం కాదమ్మాయ్, కలపడంలో ఉంది తమాషా," అంది అత్త. "ముందు మధ్యలో వల కట్టు. రెండు వారాలు ఒకదాన్నొకటి చూసుకోనీ."

కట్టాను. కోడిపిల్లలకి, దురద పోయేలా వేడినీళ్లలో ముంచిన దూలగొండి ఆకు, ఉడికిన గుడ్డు సన్నగా తరిగి పెట్టాను. అవి పెరిగాయి. పాత పెట్టలు పద్నాలుగు రోజులూ వల పక్కనే నిలబడ్డాయి. వల మీద ముక్కు కూడా ఆనించలేదు, ఊరికే చూస్తూ ఉన్నాయి.

పదిహేనో రోజు వల తీశాను. తొమ్మిదీ ఒక్క అడుగుగా కదిలి, బూడిదరంగు పిల్లనొకదాన్ని చుట్టేశాయి. మామూలుగా కోళ్లు కొట్టుకుంటే వాడంతా గోల. ఇక్కడ చప్పుడే లేదు. నేను చీపురు పట్టుకుని దూకేసరికి దాని తల మీద తోలు లేదు. నా అరచేతిలోనే ప్రాణం పోయింది. పెట్టలు ముక్కులకి నెత్తురుతో మళ్లీ బారుగా నిలబడి నాకేసి చూశాయి.

"కోసి పులుసు పెట్టెయ్, పీడా పోతుంది," అన్నాడు గెంచో.

"నోరు ముయ్యరా! అవి రూమెనా చేతి కోళ్లు," అని అత్త కసిరింది. నాకేసి తిరిగి, "అన్నిటికీ సారా రుద్దు. అన్నీ ఒకే వాసనేస్తే పరాయిదేదో వాటికి తెలీదు," అంది.

"నా సారానా? నాకు గుక్కెడు పొయ్యడానికి ఏడుస్తావు, కోళ్లకి సీసా ఎత్తి ఇస్తావా?"

"అవి నీలా తాగి బండి కింద పడుకోవు కదా!"

పొద్దువాలాక, కోళ్లు కర్రల మీదికి ఎక్కి కూర్చున్నాక గూట్లోకి వెళ్లాను. గుడ్డ తెచ్చుకోవడం మరిచిపోయాను. తలుపు వెనక మేకుకి ఏదో పాతది వేలాడుతుంటే తీసుకుని సారాలో ముంచాను. పిల్లలకి రుద్దాను. భయపడుతూనే పాతవాటి మీద కూడా చెయ్యి వేశాను. ఒక్కటీ పొడవలేదు. రుద్దుతున్నంతసేపూ కళ్లు మూసుకుని మెడలు చాచాయి. లాంతరు పట్టుకుని వచ్చిన అత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ గుడ్డ ఎక్కడిది?"

"మేకుకి ఉంది, అత్తయ్యా."

అత్త శిలువ గీసుకుంది. "అది రూమెనా తలగుడ్డ. గింజలెయ్యడానికి వచ్చినప్పుడల్లా అదే కట్టుకునేది. తియ్యడానికి నాకు చేతులు రాలేదు."

"ముందే చెప్పి ఏడవచ్చుగా!" అన్నాను.

పొద్దున్నే వెళ్లి చూశాను. రెండేళ్లుగా పొదగని ఆ ముసలి పెట్టలు రెక్కలు పరుచుకుని నేల మీద కూర్చున్నాయి. ఒక్కోదాని కింద ఒక్కో పిల్ల దూరి ఉంది. రెక్కల కింద పట్టనంత పెద్దవి అవి. కాళ్లు, తోకలు బయటికి పొడుచుకొచ్చి కదలకుండా ఉన్నాయి. చచ్చాయేమోనని ఒకదాన్ని లాగితే కళ్లు తెరిచి చూసి, మళ్లీ లోపలికి దూరింది.

నేవెనా నా వెనకే వచ్చింది. ఒక కోడిపిల్లని ఎత్తుకుని, దాని మెడలో ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చింది.

"అమ్మ," అంది.

నా ముందు నేవెనా నోరు తెరవడం అదే మొదలు. ఆ రోజు నుంచి పూటంతా గూట్లోనే కూర్చునేది. ఏవో గుసగుసలు చెప్పేది, ఆగేది, తల ఊపేది. కోళ్లు తలలు పక్కకి వంచి వినేవి. నేను వెళ్తే మాట ఆగిపోయేది. కోళ్లిప్పుడు నా నుంచి దూరంగా నిలబడటం మానేశాయి. పెరట్లో ఎటు నడిస్తే అటు, పద్దెనిమిదీ చప్పుడు చెయ్యకుండా నా వెనక నడిచేవి. వాటి చూపు నా మొహం మీద ఉండేది కాదు, నడుము మీద ఉండేది. నేను శాలువా పొట్ట మీదికి లాక్కుని తిరిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం పందిరి కింద చిక్కుళ్లు ఒలుస్తున్నాను. నేవెనా ఆ తలగుడ్డ పట్టుకుని వచ్చింది. దాన్నుంచి సారా చుక్కలు కారుతున్నాయి. కోళ్లు వెనకే వచ్చి మా చుట్టూ గుండ్రంగా నిలబడ్డాయి. పిల్ల నా జాకెట్టు అంచు ఎత్తి, చల్లటి గుడ్డతో నా పొట్ట మీద రుద్దడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"కదలకు. దానికి కూడా వాసన పట్టాలి."

"దేనికి?"

"లోపల ఉందిగా, దానికి."

"నీకెవరు చెప్పారు తల్లీ?"

"అమ్మ చెప్పింది. రుద్దకపోతే పొడిచేస్తాయంది."

లేచి ఆ గుడ్డని పొయ్యిలో పడేసి, ఆ క్షణమే పుట్టింటికి బస్సెక్కాలనిపించింది. కానీ ఇన్ని నెలల్లో ఆ చిన్న చెయ్యి నా ఒంటి మీద పడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఆ గుడ్డ పొట్టకి ఇంకా బాగా అందేలా కొంచెం వెనక్కి వాలాను.

"ఇటుపక్క కూడా రుద్దమ్మా," అన్నాను.