వంగని వేలు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద పడి చిట్టి ఎడమ చేతి నడిమి వేలూ, ఉంగరం వేలూ నలిగిపోయాయి. డాక్టర్లు అతికించారు గానీ ఆ రెండూ ఇక వంగవు. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం హోటల్ హాల్లో ముగ్గురి బృందంలో గిటారు. ఆమె ప్రాణమంతా ఆ సాయంత్రంలోనే ఉండేది. డ్రమ్స్ వాయించే పెద్దాయన బృందానికి పెద్ద. "ఏడాదిపాటు నీ కుర్చీ ఉంచుతానమ్మా. ఈలోగా ఏదో దారి చూసుకో" అన్నాడు. ఆ ఏడాదీ ఆమె బదులు ఆ కుర్చీలో కూర్చోబోయేవాడు ఆమె పెద్దమ్మ కొడుకు.

దారి చూపించగలిగినవాడూ అతనే. వేళ్లు వంచి తీగలు నొక్కే పనిలేకుండా, ఎడమచేతి వేలికి గాజు గొట్టం తొడుక్కుని, తీగల మీద ఆనీ ఆనకుండా జారుస్తూ, కుడిచేతి వేళ్లతో మీటే స్లైడ్ పద్ధతి ఆ చుట్టుపక్కల అతనొక్కడికే వచ్చు.

"అన్నయ్యా, నాకు నేర్పవా?"

"అదేం భాగ్యమే! రోజూ ఆరింటికి రా."

తన కుర్చీకి ఎసరు పెట్టే చెల్లెలికి తనే పాఠం చెప్పే అన్న ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడనే నమ్మింది, వెర్రిబాగులది.

"చిటికెన వేలికి తొడుక్కో. నేనూ అలాగే తొడుక్కుంటాను" అన్నాడు మొదటిరోజు. చిటికెన వేలికి బలమెంత? పక్కనున్న ఉంగరం వేలు కర్రలా బిగుసుకుపోయి సాయం రాదాయె. గొట్టం వణికేది, ఒరిగేది, గిటారు మెడ మీద అడ్డంగా ఉండే సన్నని లోహపు కమ్మీలకు తగిలి టకటకమనేది.

"సాధన చాల్లేదే" అనేవాడు అన్నయ్య. స్నేహితులొస్తే ఆ టకటకను తన గిటారు మీద అచ్చు గుద్దినట్టు వాయించి చూపించేవాడు. వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. చిట్టి కూడా వాళ్లతో పాటు నవ్వేది. కణుపు వాచిపోయి జుట్టు ముడి వేసుకోలేని రోజుల్లోనూ సాధన మానలేదు.

ఏడాది నిండిన రోజున హోటల్ హాల్లో పెద్దాయన ముందు కూర్చుని వాయించింది. అదే టకటక. రెండో నిమిషానికే ఆయన చెయ్యెత్తాడు.

"చిటికెన వేలికెందుకమ్మా ఆ గొట్టం? వంగని వేలుంది కదా, దానికి తొడుగు. కదలకుండా ఉంటుంది. మీ అన్నయ్య చేసినట్టే, గొట్టం వెనకాల చూపుడు వేలు తీగల మీద మెల్లగా ఆనించు."

ఉంగరం వేలికి తొడిగి ఒక్క తీగ మీద జార్చింది. చప్పుడు లేదు, వణుకు లేదు. స్వరం నిండుగా, తడిగా సాగింది. కౌంటరు దగ్గరామె పని ఆపి తలెత్తింది. చిట్టికి ఏడుపొచ్చేసింది.

పాట మొదలుపెట్టేసరికి చెయ్యి పాత అలవాటుకే పోయింది. ఏడాదిపాటు చిటికెన వేలి కొలతకు తిరిగిన చెయ్యి మరి. ప్రతి స్వరమూ వేలెడు కిందికి తప్పింది.

"ఇది కుదరడానికి ఇంకో ఏడాది పడుతుంది తల్లీ. మాటంటే మాట. కుర్చీ ఇక మీ అన్నయ్యదే" అన్నాడు పెద్దాయన.

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న అన్నయ్యను నిలదీసింది. "నీకిది ముందే తెలుసా?"

"తెలియకేం? నీ వేళ్లు చూసిన రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొట్టడానికి చెయ్యెత్తింది. అతను రెప్ప కూడా వెయ్యలేదు.

"కొట్టు. కొడితే రేపటినుంచి నీకు నేర్పేదెవరే? ఇప్పుడు కుర్చీ నాదే, నాకు భయం లేదు. ఈసారి సరిగ్గానే నేర్పుతాను."

ఎత్తిన చెయ్యి దించుకుంది. సిగ్గు లేదా అంటే, ఉంది. రాత్రంతా దిండు తడిసేంత ఉంది. కానీ ఆ ఒక్క స్వరం విన్న చెవులు ఊరుకుంటాయా?

మర్నాడు ఆరింటికి వెళ్లి తలుపు తట్టింది. అన్నయ్య తలుపు తీసి, లోపల కూర్చున్న స్నేహితుల వైపు తిరిగాడు.

"చెప్పానా, వస్తుందని!"