చప్పట్ల మేస్త్రీ

ఇప్పటివాళ్ళకు చెబితే నవ్విపోతారు గానీ, ఒకప్పుడు నాటకశాలల్లో చప్పట్లు కూడా కూలికి దొరికేవి. కొట్టడానికి మనుషులు ఉండేవారు, ఆ మనుషులకొక మేస్త్రీ ఉండేవాడు. మా ఊరి నాటకశాలకు ఆ మేస్త్రీ మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆయన కింద నాది ఏడుపు పని. విషాద ఘట్టం రాగానే జనం మధ్య కూర్చుని వెక్కిళ్ళు పెట్టాలి, పక్కవాళ్ళకు అంటించాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎవరి పొట్ట కోసం వాళ్ళు ఏదో ఒక చోట ఏడవాల్సిందే.

బావ కుడివైపు గోడ పక్క కుర్చీలో కూర్చునేవాడు. కళ్ళజోడు తీస్తే చప్పట్లు, మీసం సవరిస్తే నవ్వులు, నుదురు తుడుచుకుంటే నా వంతు. టికెట్టు కొనుక్కుని వచ్చిన అమాయకుడెవడైనా ముచ్చటపడి ముందే చేతులు కలిపాడా, మావాళ్ళు వెనక్కి తిరిగి చురచురా చూసేవారు, అంతా చెడగొట్టావు పొమ్మన్నట్టు. పాపం, వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని ముడుచుకుపోయేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

అక్క పోయాక దాని కూతుర్ని నేనే పెంచాను. పిల్లకు మంచి గొంతు వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో, మా వైపు గానీ వాళ్ళ వైపు గానీ పాడినవాళ్ళు లేరు. నేను మెచ్చుకుంటే, "నీకేం పిన్నీ, కాకిపిల్ల కాకికి ముద్దు" అని తీసిపారేసేది. బావ మెచ్చుకుంటే అసలు చెవినే పెట్టేది కాదు. మెచ్చుకోవడమే వృత్తి అయినవాడి మెప్పుకు ఇంట్లో విలువేముంటుంది?

చివరికి నాటకశాల యజమాని ఒక పాట పాడమన్నాడు. రెండు అంకాల మధ్య తెర ముందు నిలబడి పాడాలి, జనానికి నచ్చితే కంపెనీలోకి తీసుకుంటాడు. ఆ సాయంత్రం నేను జడ వేస్తుంటే పిల్ల తండ్రిని పిలిచింది.

"నాన్నా, నా పాటకి నీ మనుషులెవరూ చెయ్యి కదపకూడదు."

"అదేంటమ్మా! ఊళ్ళోవాళ్ళందరికీ కొట్టించి, కన్నకూతురికి కొట్టించనా?"

"వద్దు. నాకు పాట వచ్చో రాదో ఒక్కసారి తెలియాలి నాన్నా. నువ్వు కొట్టిస్తే ఈ జన్మకి తెలీదు."

"పోనీ, ఊరికే మొదలుపెట్టడానికి ఓ రెండు..."

"ఒట్టెయ్యి."

బావ ఒట్టేశాడు. జీవితంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి కాదు. మా అక్కకు ఇచ్చిన మాటలన్నీ పోగేస్తే ఇల్లు నిండుతుంది. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాడు, మా ఖర్మ.

ఆ పూట నాకు పనిలేదు కనుక బావ పక్కనే కూర్చున్నాను. పిల్లకు ముందు ఒక హాస్యగాడు వచ్చి, వాళ్ళ తాతలనాటి జోకు చెప్పాడు. బావ మీసం సవరించాడు, కళ్ళజోడు తీశాడు. హాలు దద్దరిల్లింది. ఆ తర్వాత పిల్ల వచ్చింది.

పడవ కోసం రేవులో ఎదురుచూసే మనిషి పాట అది. పెంచినదాన్ని కాబట్టి గొప్పలు చెబుతున్నానని అనుకుంటే అనుకోండి. రెండో చరణానికి హాల్లో దగ్గులు ఆగిపోయాయి. ఎవరూ సైగ చేయకుండానే నా కళ్ళు నిండాయి. పక్కకు చూస్తే బావ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు.

పాట అయిపోయింది. చప్పుడు లేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో ఒకాయన చేతులు ఒళ్ళోంచి లేచి, అటూ ఇటూ చూసి, మళ్ళీ ఒళ్ళోకే వెళ్ళిపోయాయి. ఇక ఆగలేక నేను చేతులెత్తాను. బావ నా మణికట్టు పట్టేసుకున్నాడు.

"ఒట్టేశానే," అన్నాడు.

పిల్ల కాసేపు నిలబడింది. తర్వాత అందరికీ నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళింది.

విరామంలో వసారాలోకి వచ్చాం. మా వీధి చివర దర్జీ తన భార్యతో అంటున్నాడు: "ఆ అమ్మాయి పాడుతుంటే ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయానే!"

బావ వెళ్ళి అతని భుజం పట్టుకున్నాడు. "మరి చప్పట్లు కొట్టలేదేం?"

"ఎవరూ కొట్టలేదు కదండీ," అన్నాడు దర్జీ బిక్కమొహంతో. "నేనొక్కణ్ణే మొదలుపెడితే ఏమైనా అనుకుంటారేమోనని..."

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ హాలుకు ఆ భయం నేర్పింది మేమే. ఆయన దర్జీని చెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాక్కుపోయాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

పిల్ల తడిగుడ్డతో మొహం మీద రంగు తుడుచుకుంటోంది.

"చెప్పవయ్యా, ఇందాక అన్నది చెప్పు," అన్నాడు బావ, వగరుస్తూ.

దర్జీ పాపం మంచివాడు. మాటలు వెతుక్కుంటూ, తడబడుతూ చెప్పాడు. "మా అమ్మ పోయినప్పుడు కూడా నేను ఏడవలేదమ్మా. ఇవాళ ఏడ్చాను. నీకు పాట రాకపోతే ఇంకెవరికీ రాదు." చెబుతుంటే మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిల్ల అంతా విని, అతనికి మర్యాదగా చేతులు జోడించింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. గొంతులో కోపం కూడా లేదు.

"ఈయన బాగా చేశారు. ఎప్పుడు చేర్చుకున్నావు నాన్నా?"