కలుపుగోలు మనిషి

"కురుమూర్తి అసుంటి కలుపుగోలు మనిషి పెబ్బేరు మొత్తంల లేడు" అని బయట ఎవరో అన్నప్పుడు బాలమణి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. ఆ మాట చెవిన పడగానే ఆమెకు కడుపు భగ్గున మండింది. ఉత్త అసూయ. సొంత మొగుడి మీద అసూయపడే ఆడవాళ్లుంటారా అంటే, ఎందుకుండరు, ఇదిగో ఒకతె.

పశువుల సంత జరిగిన ప్రతిసారీ ఇంతే. ఎడ్లు అమ్మడానికొచ్చినవాళ్లనీ కొనడానికొచ్చినవాళ్లనీ కురుమూర్తి ఇంటికి పిలుచుకొస్తాడు. "కూసోన్రి, తినే పోవాలె" అంటాడు. ఆయన పని అంతటితో సరి. రొట్టె వేడివేడిగా ఒక్కొక్కటే పళ్లెంలో పడాలి కాబట్టి తట్టేవాళ్లకు లేచే వీలుండదు. చివరి మనిషి చెయ్యి కడిగేసరికి బాలమణికి నడుము పట్టేస్తుంది. "కోడలు పని బాగనే జేస్తది గానీ మనుషులల్ల కలవదు" అని అత్త హన్మమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

కలవదా! రాజోలిలో పుట్టింట ఉన్నప్పుడు నీళ్లకు పోతే వాడంతా పలకరించి గానీ ఇల్లు చేరేది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో గాజులమ్మే ఆయనతో నవ్వుతూ రెండు మాటలు మాట్లాడితే ఈ అత్తే "గీమెకు నోరెక్కువ" అంది. ఒకటే గుణం, మొగవాడికి ఒక మాట, ఆడదానికి ఇంకో మాట. ఆ మంచి మాట తనకూ కావాలి. ఒక్కరైనా తనను అలా అనాలి.

"బాలమణీ, ఈరన్న తాతకు ఇంకో రొట్టె!" కురుమూర్తి కేకేశాడు.

బాలమణి పెనం మీద రొట్టె వేసి, చేతులు కడుక్కుని బయటికొచ్చింది.

"రొట్టె పెంక మీదున్నది. పిండి తడిపి పెట్టిన. జర నువ్వు పోయి సూసుకో. నేను తాతతోని మాట్లాడుత."

నలుగురి ముందు కాదనలేక కురుమూర్తి అదే నవ్వుమొహంతో లోపలికి పోయాడు. ఆమె ఆయన జాగాలో కూర్చుంది. ఇన్నాళ్లూ లోపలి నుంచి అన్నీ వింటూనే ఉందిగా.

"ఎడ్లకు బేరం కుదిరిందా తాతా? అవ్వకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా?"

ఈరన్న చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది.

"నీకు మాటలొస్తయా బిడ్డా? ఇన్నేండ్ల సంది నీ చేతి రొట్టె తింటున్న. మూగపిల్లవేమో అనుకున్న."

లోపలి నుంచి మాడిన వాసన వచ్చింది. వెనకాలే "బాలమణీ!" అని కురుమూర్తి పిలుపు.

ఆమె ఈరన్న వైపు ఇంకొంచెం జరిగి కూర్చుంది.

"అడుగు తాతా, ఏమన్న అడుగు. ఇగ మీదట నాకు తీరికే."