చిలకపచ్చ దారం

ఇందుమతి చేతికిచ్చిన వస్తువు ఇచ్చినట్టు తిరిగి రాదని నంద్యాలలో ఉన్న ఆమె పెద్దాడబిడ్డ జయలక్ష్మమ్మ చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. అందుకే సీమంతానికని ఆ వదిన దగ్గర అరువు తెచ్చుకున్న చిలకపచ్చ నూలుచీరను, ఈసారైనా మాట పడకూడదని, ఇందుమతి ఆళ్లగడ్డలో తన ఇంట్లో పసిబిడ్డలా చూసుకుంది. తనే ఉతికి ఆరేసింది. ఖర్మ కాకపోతే, అదే పూట పెరట్లో బేతంచెర్ల బండల మీద పాచి పోవాలని బ్లీచింగ్ నీళ్లు పోయాలా? గాలికి చీర జారి సరిగ్గా ఆ నీళ్లలోనే పడాలా? తీసి చూస్తే కుచ్చిళ్ల దగ్గర తెల్లతెల్లగా మచ్చలు.

ఏడుపు దిగమింగుకుని, వీధి చివర బట్టలకు రంగులద్దే నూరున్నీసా దగ్గరికి పరిగెత్తింది. ఆమె చీరను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మచ్చ పోదమ్మా. ఒకతావున ఉంటే మరకంటారు, చీరంతా ఉంటే డిజైనంటారు. కూసో, శనగలు కడదాం."

సాయంత్రం దాకా ఇద్దరూ మచ్చలున్నచోటా లేనిచోటా గుడ్డ కింద శనగగింజ పెట్టి, ముడిచి, దారం బిగించారు. నూరున్నీసా చీరను ముదురు నీలంలో ముంచి తీసింది. ముడులు విప్పేసరికి నెమలికంఠం రంగు మీద తెల్లవీ పచ్చవీ పువ్వులు.

ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే నంద్యాల బస్సెక్కింది. కానీ గడపలోనే జయలక్ష్మమ్మ సంచీ లాక్కుని, చీర భుజాన వేసుకుని, ఇది యాడ కొంటివని మురిసిపోయింది. ఇందుమతి నోట అబద్ధం దొర్లింది. ఇది కొత్తదనీ, పచ్చది ఇంట్లో మరిచి వచ్చాననీ చెప్పేసింది.

"అట్లయితే ఇది నాకిచ్చి, నా పచ్చది నువ్వే పెట్టుకో."

ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. వదినగారు అంచు తిరగేసి ఫాలు చూసింది. నూలుకు వేసిన రంగు పాలిస్టర్ దారానికి అంటదు. తను స్వయంగా కుట్టుకున్న కుట్లు వంకరటింకరగా, చిలకపచ్చగా అట్లాగే ఉన్నాయి.

"ఈ కుట్లు నావి గదా?"

ఇందుమతి జరిగిందంతా చెప్పి తల దించుకుంది. ఇక చుట్టాలలో ఈ కథ ఎన్నేళ్లు తిరుగుతుందోనని కళ్లలో నీళ్లు తిరిగాయి. జయలక్ష్మమ్మ లోపలికి పోయి, బీరువాలోంచి రెండు నూలుచీరలు తెచ్చి ఆమె చేతుల్లో పడేసింది.

"ఇవి గూడా తీస్కపో. బాగా చెడగొట్టుకోని రా."