నల్ల రెక్కలది, ఎర్ర నూగుది

మ్యూజియంలో పురుగుల విభాగం చూసే క్యూరేటర్ తన ఉద్యోగ జీవితం మొత్తంలో ఒకే ఒక్క పురుగుకి పేరు పెట్టాడు. చూడ్డానికి అది పెద్ద చీమలా ఉంటుంది. రెక్కలుండవు, ఒళ్ళంతా ఎర్రటి మెత్తని నూగు. ముట్టుకుంటే మాత్రం చెయ్యి మంటెత్తిపోయేలా కుడుతుంది. తనను పెంచి పెద్దచేసిన అక్క మీద ప్రేమకొద్దీ దానికి ఆవిడ పేరు పెట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజున అక్క, "కుట్టే పురుగే దొరికిందట్రా నీకు, నా పేరు పెట్టడానికి?" అని మొట్టికాయ వేసింది. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కబురు తనే చెప్పుకుంది.

అక్క భర్త విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఆయనదీ పురుగుల శాస్త్రమే. ఆయన పేర్లు పెట్టిన పురుగులు మ్యూజియంలో డ్రాయర్ల నిండా ఉన్నాయి. భోజనాల దగ్గర బావమరిదిని ఏడిపించకపోతే ఆయనకు ముద్ద దిగదు.

"ఏమోయ్ బావమరిదీ, నీ ఒక్కగానొక్క బిడ్డ కులాసాయేనా?"

"ఒక్కటైనా దాని మొహం నాకు గుర్తుంది బావా. మీ సంతానంలో సగంమంది ఎదురైతే, 'ఎవరి పిల్లలర్రా మీరు?' అని మీరే అడుగుతారు."

ఆ రోజుల్లో పురుగుల శాస్త్రమంటే చచ్చిన పురుగుల శాస్త్రమే. ఎక్కడెక్కడి నుంచో అవి పెట్టెల్లో ఎండిపోయి వచ్చేవి. వాటిని చెమ్మలో ఉంచి మెత్తబరిచి, సూదికి గుచ్చి, కాళ్ళ మీది ముళ్ళూ రెక్కల మీది ఈనెలూ భూతద్దంతో పరీక్షించి, ఇది ఫలానా కుటుంబం, ఫలానా జాతి అని తేల్చేవారు. బతికున్నప్పుడు అది ఏం తిన్నదో, ఎవరితో కాపురం చేసిందో ఎవరూ అడిగేవారు కారు. అడిగినవాణ్ణి పనీపాటా లేనివాడి కింద లెక్కేసేవారు.

క్యూరేటర్‌కి నిజంగానే పని లేకుండా పోయిన వేసవి ఒకటి వచ్చింది. మ్యూజియం కప్పు బాగుచేస్తున్నారని డ్రాయర్లన్నీ గోనెగుడ్డలు కప్పి గదికి తాళం వేశారు. ఇంట్లో కాలు నిలవక, అతను వలా సీసా పట్టుకుని ఇటుకబట్టీలు దాటి ఏటి ఒడ్డున ఇసకమేటల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నల్ల రెక్కల కందిరీగ ఒకటి, నేలకు జానెడెత్తున బరువుగా ఎగురుతూ కనిపించింది. దాని కింద ఎర్రగా ఏదో వేలాడుతోంది. అతను వల విసిరాడు.

సీసాలోకి దించి చూస్తే, వేలాడుతున్నది అక్క పేరున్న పురుగే. మోసుకెళుతున్నదాన్ని కూడా చూడగానే పోల్చుకున్నాడు. అది బావగారు పేరు పెట్టిన కందిరీగ. రెండింటి తోకలూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

క్యూరేటర్ ఇసక మీద చతికిలబడ్డాడు. మొగుడికి బావ ఒక పేరు పెట్టాడు, పెళ్ళానికి తను ఇంకో పేరు పెట్టాడు. ఒక జాతికి ఒకటే పేరుండాలి. రెండుంటే ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది, రెండోది కొట్టివేతే. బావగారిది ముందు అచ్చయింది. అంటే పోయేది అక్క పేరు.

చుట్టూ ఎవరూ లేరు. మూత తీస్తే ఆ జంట తన దారిన తను పోతుంది, పేర్లు రెండూ ఎక్కడివక్కడే ఉంటాయి. అతని చెయ్యి మూత మీదికి వెళ్ళింది కూడా. ఎందుకు తియ్యలేదని తర్వాత అక్క అడిగితే, "బిగుసుకుపోయిందక్కా" అన్నాడు.

కబురు వినగానే బావ ఎగిరి గంతేస్తాడనీ, ఏడాది పొడుగునా దెప్పుతాడనీ అనుకుంటూ వెళ్ళాడు. ప్రొఫెసర్ సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు. అప్పటికి జంట విడిపోయింది.

"వేటాడి పట్టుకుపోతోందోయ్. కందిరీగలు పురుగుల్ని ఎత్తుకుపోవడం నీకు కొత్తా?"

"తోకలు కలిసి ఉండగా నా కళ్ళతో చూశాను బావా."

"పెనుగులాటలో ఏది ఎక్కడ తగులుతుందో ఎవరికి తెలుసు?"

ఆయన బాధ క్యూరేటర్‌కి కాస్త ఆలస్యంగా అర్థమైంది. రెక్కలున్నదాన్ని ఆయన ఒక కుటుంబంలో పెట్టాడు. రెక్కల్లేని ఎర్రవాటిని దానికి ఎంతో దూరంగా మరో కుటుంబంలో సర్దాడు. ఆ సర్దుబాటు మీద లావుపాటి పుస్తకం రాశాడు. ఈ రెండూ ఆలుమగలైతే ఆ రెండు కుటుంబాల మధ్య గోడ కూలినట్టే. అలా, పేరు పోగొట్టుకోబోయేవాడు పోతుందని వాదిస్తుంటే, పేరు దక్కబోయేవాడు వద్దని వాదించే వింత తగవు మొదలైంది. భోజనాల దగ్గర వేళాకోళాలు ఆగిపోయాయి. ఇద్దరూ తలలు దించుకుని తిని లేచిపోతుంటే అక్కకి ఒళ్ళు మండింది.

"పంచాయితీ నా పేరు మీద. నాతో మాత్రం ఎవరూ మాట్లాడరు!" అంది.

"మీ ఆయన్ని ఒక్కసారి ఇసకమేటకి రమ్మను అక్కా. ఇంకో ఎర్రదాన్ని పట్టి, వలగుడ్డ బుట్టలో పెట్టి బయట ఉంచుతాను. మొగుడైతే వెతుక్కుంటూ వస్తాడు. వేటగాడైతే ఆకలేసినప్పుడు వస్తాడు, దొరికినదాన్ని పట్టుకుపోతాడు. తేడా తెలిసిపోతుంది."

"ఎండలో బుట్ట ముందు కూర్చోవడం కూడా శాస్త్రమేనా?" అన్నాడు ప్రొఫెసర్.

"కూర్చోండి. ఇసక మీద కూర్చున్నంత మాత్రాన మీ హోదా ఏమీ అరిగిపోదు," అంది అక్క. ఆ గొంతు విన్నాక ఆయన గొడుగు తీసుకోక తప్పలేదు.

మొదటి రోజు బుట్ట దగ్గరికి ఈగ కూడా రాలేదు. ప్రొఫెసర్ గొడుగు నీడలో పత్రిక మొత్తం చదివేశాడు. "పెళ్ళికొడుకులు దారి తప్పినట్టున్నారు," అన్నాడు, ఎంతో హాయిగా. రెండో రోజూ అంతే. క్యూరేటర్ ఇంటికెళ్ళి ఆలోచించాడు. బుట్టలోది నూగు రాలిపోయిన పాతకాపు. దాని పెళ్ళి ఎప్పుడో అయిపోయి ఉండాలి. ఇక మొగవాళ్ళతో దానికేం పని? మర్నాడు బుట్ట పక్కనపెట్టి ఇసకంతా గాలించాడు. అప్పుడే నేలలోంచి బయటికొస్తున్నట్టున్న కొత్తది, నూగు నిగనిగలాడుతున్నది, ఒకటి కంటబడింది. ఆత్రం కొద్దీ వేళ్ళతో పట్టుకున్నాడు. వేలు వంకాయలా వాచింది.

"మీ అక్క పేరు సార్థకమైందోయ్," అన్నాడు ప్రొఫెసర్. చాలా రోజుల తర్వాత వేసిన వేళాకోళం అది.

ఎండ ముదిరింది. ఏటి మీంచి గాలి తిరిగింది. గాలికి ఎదురుగా, ఇసకకు తగులుతున్నట్టుగా, అటూ ఇటూ వెతుక్కుంటూ ఒక నల్లటిది వచ్చి బుట్ట మీద వాలింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి వలగుడ్డ మీద ఖాళీ లేదు. పక్కనే వేరే పురుగులు పాకుతున్నా వాటికేసి ఒక్కటీ చూడలేదు. అన్నీ గుడ్డలోంచి లోపలికి దూరాలనే ఆరాటం.

ప్రొఫెసర్ గొడుగు వదిలేసి మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. ఇందాక బుట్టలోకి మారుస్తుంటే ఆ కొత్త ఎర్రది తప్పించుకుని ఆయన చొక్కా చేతి మీద పాకింది. ఒక నల్లది సరిగ్గా ఆ చోటే వాలి, అక్కడక్కడే తిరగసాగింది. ఆయన చెయ్యి కదపకుండా చూశాడు.

"వాసన," అన్నాడు మెల్లిగా. "మనకి తెలియని వాసనేదో అంటించిపోయింది."

ఆ చెయ్యి దించకుండానే, "నా పుస్తకంలో సగం పోయిందోయ్," అన్నాడు.

"నాకున్నదంతా పోయింది బావా."

ఇద్దరూ ఇసక మీద అలాగే కూర్చుండిపోయారు. గొడుగు దొర్లుకుంటూ ఏటివైపు పోతుంటే ఎవరూ లేవలేదు.

వ్యాసం ఇద్దరూ కలిసి రాశారు. అచ్చుకి పంపేముందు ప్రొఫెసర్ నీళ్ళు నమిలాడు. "నేను పెట్టిన పేరే వెనక్కి తీసుకుంటానోయ్. మీ అక్క పేరే ఉంచేద్దాం."

"కుదరదు బావా. ముందొచ్చిన పేరే ఉండాలి. నియమం."

"ఆ నియమం పెట్టినవాడికి పెళ్ళి కాలేదనుకుంటా."

మ్యూజియం తెరిచాక, చీటీలు మార్చేరోజున అక్క తనూ వస్తానంది. క్యూరేటర్ డ్రాయర్ తీసి, ఎర్రదాన్ని సూదితో సహా పైకి తీసి, కొత్త పేరున్న చీటీ గుచ్చాడు. పాతది తియ్యలేదు.

"అదలాగే ఉంచావేం?" అంది అక్క.

"పాత చీటీ తియ్యకూడదక్కా. ఎవరెవరు దీన్ని ఏమనుకున్నారో అన్నీ సూది మీద ఉండాలి."

ఆవిడ భూతద్దం తీసుకుని వంగి చూసింది. ఇన్నేళ్ళలో ఆ పురుగును ఆవిడ చూడ్డం అదే మొదటిసారి. చాలాసేపటికి గానీ తల ఎత్తలేదు.

"ఇంత అందంగా ఉంటుందని చెప్పలేదేంరా? నేనింకా ఏదో బొద్దింకలాంటిది అనుకున్నాను." మళ్ళీ వంగింది. "ఇది రోజంతా ఇసకలో ఏం చేస్తూ ఉంటుంది?"

"తెలియదక్కా," అన్నాడు క్యూరేటర్.

ఆ వారమే ఒక ఉదయం క్యూరేటర్ గుమ్మంలో గొడుగుతో తట్టిన చప్పుడైంది. చూస్తే బావగారు. చేతిలో కొత్త గొడుగు, చంకలో ఒక పాత దుప్పటి. ఇద్దరూ ఇసకమేట మీద దుప్పటి పరుచుకుని బోర్లా పడుకున్నారు. ఎర్రదొకటి అక్కడా ఇక్కడా ఆగుతూ, ఇసకను మీసాలతో తడుముకుంటూ పోయి, నేలలో గూడు కట్టే తేనెటీగ ఏదో మూసిపెట్టిన కన్నం దగ్గర నిలబడింది. ముందుకాళ్ళతో మట్టి తవ్వడం మొదలుపెట్టింది.

"బావా, అది..."

"మాట్లాడకోయ్," అన్నాడు ప్రొఫెసర్, కళ్ళు తిప్పకుండా. "లోపలికి వెళుతోంది."