అమ్మ రాలేదు, పింకీ వచ్చింది

పింకీకి అమ్మవారు పూనిందన్న వార్త ఊరంతా పాకడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆమెకు థైరాయిడ్ అన్న మాట మాత్రం ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఊరంటే ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలే. శేరిలింగంపల్లి వైపు ఒకప్పటి జొన్నచేలన్నీ కంపెనీలైపోగా నాలుగు సందులూ ఒక ఎల్లమ్మ గుడీ మిగిలాయి. గుడి గోడ దాటితే ఒక పెద్ద ఆఫీసు పార్కింగు. ఆ ఆఫీసులోనే పింకీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. మెడలో ఐడీ కార్డు వేసుకుని నడిచి ఆఫీసుకెళ్ళే కోడలు ఊళ్ళో ఆమె ఒక్కతే. అత్త సక్కుబాయికి లోపల అంతులేని గర్వం. బయటికి మాత్రం "కూరల ఉప్పెయ్య రాదు గని..." అనే మొదలుపెడుతుంది.

వేసవి నుంచే పింకీ ఒంట్లో ఏదో తేడా. ఏసీలో కూర్చున్నా చెమటలు. ఇద్దరి తిండి తిన్నా ఒంటికి పట్టదు, బట్టలు వదులైపోతున్నాయి. ఆఫీసులో ఆడపిల్లలు "ఏం డైటు, మాక్కూడా చెప్పు" అని వెంటపడ్డారు. ఏ డైటూ లేదు తల్లీ, టిఫిన్ డబ్బా ఖాళీ చేసి మళ్ళీ క్యాంటీన్‌కి పోతున్నానంటే నమ్మరు. మౌస్ పట్టుకుంటే తెర మీద బాణం గంతులేసేది. కళ్ళు పెద్దవై, మామూలుగా చూసినా ఉరిమి చూసినట్టుండేది. ఇక కోపమంటారా, అది ముక్కు మీదే కాపురం పెట్టింది.

ఆషాఢంలో ఆడబిడ్డ వాళ్ళ బస్తీలో బోనాలకు వెళ్ళారు. తల మీద బోనం, చుట్టూ డప్పులు, నడినెత్తిన ఎండ. పింకీ గుండె డప్పుల్ని మించి కొట్టుకుంది. కాళ్ళూ చేతులూ వణికిపోయాయి. పక్కనున్నామె గబుక్కున బోనం అందుకుంది. "అమ్మొచ్చింది!" అని ఎవరో కేకపెట్టారు. చేతిలో వేపమండలు పెట్టారు. ఊపిరాడక పింకీ "నీళ్ళు... నీళ్ళు..." అంది. అమ్మ సాక అడుగుతోందనుకుని వేపాకు వేసిన పసుపునీళ్ళ బిందె తెచ్చి పాదాల మీద కుమ్మరించారు. గొంతులో ఒక్క చుక్క పడలేదు. తేరుకుని చూస్తే కాళ్ళ మీద పడి ఉంది సక్కుబాయి. ఉప్పెయ్య రాని కోడలి కాళ్ళ మీద!

ఆ వారంలోనే పింకీ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. కిరణ్మయి గారని, నెమ్మదైన మనిషి. పరీక్షలు చేయించి చెప్పింది.

"మీ థైరాయిడ్ అతిగా పనిచేస్తోందండి. అందుకే ఈ వణుకు, చెమటలు, చిక్కిపోవడం. మాత్రలు ఏడాది పైనే వాడాల్సి రావచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దండి, గుండె మీద పడుతుంది."

పింకీ బయటికొచ్చి పార్కింగులో స్కూటీ మీద కూర్చుని ఏడ్చింది. భయంతో కాదు, ఊరటతో. తనకు పిచ్చి లేదు, పొగరు లేదు. ఉన్నది జబ్బు, దానికి పేరుంది. పేరున్నదానితో కొట్లాడొచ్చు.

తీరా చూస్తే కొట్లాడాల్సింది ఇంట్లోనని తేలింది.

"థైరాయిడా?" అంది సక్కుబాయి. "మా శెల్లెకు లేదా థైరాయిడు? తలుపుల పట్టనంత లావైంది. నువ్వేమో పుల్ల లెక్కైతివి. గా డాక్టరుకేం తెల్సు?"

"ఆమెది తక్కువ పనిచేసేది అత్తమ్మా. నాది ఎక్కువ."

"తక్కువ లే, ఎక్కువ లే. శ్రావణంల మనూరి బోనాలైనంక మింగు. అప్పటిదాంక గోలీలు ముట్టకు. వచ్చిన అమ్మను మందేసి పండవెడ్తవా?"

ఆ పట్టుదల వెనక ఒక కథ ఉంది. సక్కుబాయి పుట్టిల్లూ ఈ ఊరే. ఆమె కన్నతల్లి సుబ్బమ్మకు ఏటా బోనాల్లో అమ్మ పూనేదట. వానల గురించీ, పెళ్ళిళ్ళ గురించీ ఊరంతా ఆమెనే అడిగేది. ఒక బోనాల నాడు గుడి ముందే ఆమె కన్నుమూసింది. అమ్మ తనలో కలుపుకుందన్నారు. తర్వాత ఎవరికీ పూనలేదు. చేలు పోయాయి, చెరువు సగమైంది, మేడలు లేచాయి. అమ్మ కూడా ఊరు విడిచిపోయిందని పెద్దవాళ్ళు దిగులుపడ్డారు. ఇన్నాళ్ళకు పింకీ దొరికింది. ఆ దిగులు పింకీకి అర్థమైంది, జాలి కూడా వేసింది. కానీ ఆగిపోతే ఆగేది తన గుండె.

సక్కుబాయి మాత్రల అట్ట తీసుకెళ్ళి ఎల్లమ్మ పటం ముందు పెట్టింది. "దమ్ముంటే ముట్టు" అంది.

మర్నాడు పొద్దున్నే పింకీ తలస్నానం చేసి, దీపం వెలిగించి, దండం పెట్టుకుని, అట్టలోంచి మాత్ర తీసి పటం ముందున్న నీళ్ళతోనే మింగింది. "తీర్థం తీస్కున్న అత్తమ్మా" అని చెప్పి మరీ ఆఫీసుకు పోయింది. రోజూ అదే వరస. సక్కుబాయి కోడలితో మాట మానేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని సందులో ఆడవాళ్ళు దెప్పారు. "ఔ, ఉలిపికట్టెనే. ఏమైతది?" అని పింకీ నిలబడి మరీ జవాబిచ్చింది. తెర మీద బాణం నెమ్మదిగా పెట్టినచోట నిలబడటం నేర్చింది.

మొగుడు మధుకర్ నీళ్ళ ట్యాంకర్లు నడుపుతాడు. మంచివాడే, కానీ తల్లికీ పెళ్ళానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క. బోనాల ముందు రోజు ఒక ఉపాయం చెప్పాడు.

"ఒక్క రోజు జర ఊగరాదే. అమ్మ పలికినట్టే, 'నా బిడ్డను దవాఖానకు పంపుండ్రి' అను. ఊరంత ఇంటది. మా అమ్మ గూడ ఇంటది. లొల్లి ఖతం."

ఉపాయం బాగానే ఉంది. పింకీకి ఆశ పుట్టింది కూడా. కానీ కాసేపటికే ఒళ్ళు మండింది.

"గట్లైతే వాళ్ళు ఇనేది అమ్మ మాట, నాది గాదు. నా ఒళ్ళు గురించి నేను చెప్తే ఇననోళ్ళ కోసం దొంగ పూనకం ఊగాల్నా? అమ్మ పేరు మీద అబద్ధం చెప్పాల్నా? నేను ఊగ."

బోనాల నాడు పింకీ పట్టుచీర కట్టి బోనం తలకెత్తుకుంది. డప్పులు మోగాయి. పక్క మేడల్లోంచి ఐడీ కార్డుల పిల్లలు ఫోన్లు పట్టుకుని చూస్తున్నారు. గుడి ముందుకు రాగానే జనం గుండ్రంగా నిలబడ్డారు. గుడి పెద్ద పెంటయ్య వేపమండలు చాపాడు. డెబ్భై దాటిన మనిషి, కళ్ళనిండా నీళ్ళు.

"పలుకు తల్లీ. మమ్మల్ని ఇడిసిపోయినవా, ఉన్నవా?"

డప్పులు ఆగిపోయాయి. ఉన్నాను అన్న ఒక్క మాట చాలు, ఆ ముసలాయన ఆనందంతో ఏడుస్తాడు. పింకీ బోనం తనే దించి గద్దె మీద పెట్టింది.

"నేను తల్లిని గాదు పెంటయ్య తాతా. పింకీని. అమ్మ మీద మీకెంత భక్తో నాకూ అంతే. గని నాకొచ్చింది జబ్బు. గోలీలు మింగుతున్న, ఇగ ముందు గూడ మింగుత. వణుకు తగ్గింది సూడుండ్రి." రెండు చేతులూ చాపి చూపించింది. "అమ్మ రావాల్నంటే బాగున్న ఒంట్లకు రాదా? ఆమెకు రోగమొచ్చిన ఒళ్ళే గావాల్నా?"

జనంలో గొణుగుడు లేచింది. పెంటయ్య నొచ్చుకున్నాడు.

"సుబ్బమ్మకు గూడ అచ్చం గిట్లనే ఉండె బిడ్డా. గవే కండ్లు, గదే వణుకు. ఎంత తిన్నా పుల్లనే. ఆమె ఏ గోలీ మింగింది? అమ్మనే నమ్ముకున్నది."

అందరూ సక్కుబాయి వైపు తిరిగారు. ఇప్పుడు కోడలికి బుద్ధి చెబుతుందనుకున్నారు. ఆమె మాత్రం పింకీ చాపిన చేతుల్నే చూస్తోంది.

"అవ్, మింగలే" అంది. "మా అవ్వ ఏ గోలీ మింగలే. గీ గద్దె ముందట్నే పడ్డది. నేను గింత పోరిని, పక్కనే ఉన్న. నీళ్ళు, నీళ్ళు అన్నది." ఆమె పెంటయ్య వైపు తిరిగింది. "మీరంత కాళ్ళ మీద సాక పోసిన్రు."

పెంటయ్య చేతిలో వేపమండలు కిందికి వాలాయి.

సక్కుబాయి గద్దె పక్కనున్న మంచినీళ్ళ చెంబు తీసి కోడలి చేతికిచ్చింది.

"ముందుగాల నువ్వు తాగు. సాక ఎన్క పోస్తం, అమ్మ ఏమనుకోదు."

పింకీ చెంబెత్తి గటగటా తాగింది. అది ఖాళీ అయ్యేదాకా డప్పులవాళ్ళు కర్రలు పైకెత్తుకుని ఆగారు.